చెయ్యి పట్టి లేపాలి

కళింగపట్నం,
6-12-2025, శనివారం.

విజయనగరం బావగారు నరసింగరావుగారికి, కళింగపట్నం నుంచి ఎర్రన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి రాసుకున్న సంగతులు. ఇక్కడ మేమందరం బాగున్నాం. అక్కడ మీరు, మా చెల్లెమ్మ పద్మకుమారి, అల్లుడు నరేష్ బాగుండాలని గంగమ్మ తల్లికి మొక్కుకుంటున్నాను. కోపం వచ్చిందని కుశలం అడగడం మానేసే మనిషిని కాను. అడిగాను. అయిపోయింది. ఇక కోపం సంగతి.

ఫోనుండగా ఉత్తరం ఎందుకని మీరు అనుకోవచ్చు. ఫోనులో అయితే మీరు మధ్యలో, 'ఒక్క నిమిషం బావగారూ, ఇంకో కాల్ వస్తన్నాది' అంటారు. ఉత్తరానికి ఇంకో కాల్ రాదు. నావి రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు. ఒత్తులు తప్పుంటే సర్దుకోండి. మాటల్లో తప్పు లేదు, వాటిని సర్దుకోనక్కర్లేదు.

మా కడగొట్టు పిల్ల భారతి, మీ నరేష్ ఒకే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. మీరు వరి పండించిన వాళ్ళు. మేము వల వేసిన వాళ్ళం. అయినా మీరు కాదనలేదు, నేనూ కాదనలేదు. అంతవరకు మీ మీద నాకు గౌరవమే. కిందటి నెల భోగాపురం దగ్గర సముద్రపొడ్డున ఉన్న ఆ స్టార్ హోటల్లో మీరు నిశ్చితార్థం చేశారు. ఇప్పుడు రిసెప్షన్ కూడా అక్కడేననీ, ఇంకా పెద్ద హాలు మాట్లాడేశారనీ భారతి చెప్పింది. అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. అన్నం సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

బావగారూ, ఆ రోజు మా ఊరి వాళ్ళు మీ నిశ్చితార్థానికి వచ్చి, అన్నం తినకుండా ఇంటికి తిరిగి వచ్చారు.

ఒక బస్సు నిండా వచ్చాం. అందరివీ పెట్టెల్లోంచి తీసిన చీరలు, ఇస్త్రీ పంచెలు. బతుకంతా నాతో ఒకే బోటు మీద తిరిగిన కూర్మయ్య, కొడుకు కొనిచ్చిన బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి మీ గేటు దగ్గర తొడుక్కున్నాడు. మా అక్క మరిడమ్మ ఎండు చేపల వ్యాపారం చేస్తుంది కదా, ఆ వాసన వస్తుందేమోనని పొద్దున్నా తలంటుకుంది, మధ్యాహ్నమూ తలంటుకుంది. మీ వాళ్ళు మర్యాదగానే కూర్చోబెట్టారు, అబద్ధమాడను. కుర్చీలకి కూడా బట్టలు తొడిగారు, వెనక రిబ్బను ముడి వేశారు. హాలు చివర పెద్ద అద్దం, అద్దం అవతల సముద్రం. అల వచ్చి పడుతోంది, చప్పుడు లేదు. పుట్టిన దగ్గర్నుంచి సముద్రాన్ని చెవితో చూసిన మా ఆడవాళ్ళు దాన్ని చూసి భయపడ్డారు. సముద్రానికి నోరు పోయిందేటి అని మా అక్క అందట.

చేతి తొడుగుల కుర్రాళ్ళు పళ్ళేలలో పుల్ల గుచ్చిన ముక్కలు తెచ్చి అందరి ముక్కు కిందా పెట్టారు. కూర్మయ్య ఒకటి తీసుకుని, 'ఇది ఎర ముక్కలాగున్నాదిరా, దీనికి మనం పడాలేటి' అన్నాడు. అందరూ నవ్వారు. అప్పటికి నవ్వే ఓపిక ఉంది.

తరవాత మీ వైపు వాళ్ళు ఒక్కొక్కరే లేచి పక్కనున్న తెర వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టారు. కాసేపటికి మూతి తుడుచుకుంటూ తిరిగి వచ్చారు. 'ఆళ్ళందరూ ఎక్కడికెల్తన్నార్రా?' అని మా అక్క అడిగింది. 'భోజనాలకే అప్పా. మనకీ పిలుపొస్తాది. మగపెళ్ళోరు గదా, ఆళ్ళ సుట్టాల్ని ముందు లేపుకుంటన్నారు' అన్నాడు కూర్మయ్య. మా వాళ్ళు కూర్చున్నారు. కూరల వాసన వస్తోంది. కూర్చున్నారు. పిల్లలు ఆకలని ఏడిస్తే, 'పిలవకుండా ఎలగెల్తాం, నోర్ముయ్' అని తల్లులు తొడపాశం పెట్టారు. కూర్చున్నారు.

నేనూ, మా ఇంటిది తవిటమ్మా స్టేజీ మీద ఉన్నాం. ఫోటోలవాడు మెడ అటు తిప్పు, ఇటు తిప్పు అని చంపుకు తింటున్నాడు. తెర వెనక్కి జనం వెళ్తూ ఉంటే మా వాళ్ళూ అందులో ఉన్నారనుకున్నాను. మీరు కింద నుంచి, 'బావగారూ, భోజనాలయ్యాయా?' అని అడిగారు. 'అవుతాయి' అన్నాను. ఇంకేమంటాను? ఆకలేస్తోంది, వచ్చి లేపండి అంటానా? ఆఖరికి హోటలు వాళ్ళు కుర్చీలకి తొడిగిన బట్టలు విప్పడం మొదలెట్టారు. అప్పుడు లేచాం.

మా పద్ధతి మీకు తెలియదేమో, చెబుతాను. పెళ్ళి భోజనమైనా, దినం భోజనమైనా, చుట్టం తనంతట తాను లేచి అన్నం దగ్గరికి వెళ్ళడు. ఆ ఇంటి మనిషి ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని, 'లెగండి, రెండు మెతుకులు తిందురు గాని' అనాలి. అంటేనే లేస్తాడు. బోటు మీద కూడా అంతే. బోటుకి పెద్దని తండేలు అంటాం. తండేలు 'రండర్రా' అని కేకేస్తేనే అన్నం గిన్నె మూత తీస్తారు. నేను తండేలుగా చేసినన్నాళ్ళూ నా కేకకి ముందు ఒక్కడూ చెయ్యి కడగలేదు. ఆకలి లేక కాదు. పిలవని చోట తింటే అది అడుక్కోవడమని మా లెక్క. మీ వాళ్ళు పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డారట. మీకది అలవాటు. మాకు కాదు.

బస్సులో తవిటమ్మ, ఏం కూరలు పెట్టారని అందరినీ అడిగింది. మా అక్కే నోరు విప్పి, 'ఒరే ఎర్రన్నా, కడుపు నిండా సల్లగాలి తిన్నాంరా' అంది. రణస్థలం దగ్గర ఒక బండి వాడి అరటిపళ్ళన్నీ కొనేశాం. పెళ్ళికూతురు తండ్రిని నేను, నా ఊరికి రోడ్డు మీద అరటిపళ్ళు పెట్టించాను.

అంతకంటే ఘోరం మర్నాడు. ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. పక్క ఊరి వాళ్ళు వచ్చి ఏం పెట్టారని అడిగితే కూర్మయ్య రేవులో నిలబడి, లేని కూరలకి పేర్లు పెట్టి చెబుతున్నాడు. రొయ్యల్లో జీడిపప్పంట. కోడిని బొప్పాయిలో ఉడకబెట్టారంట. నా పరువు కోసం వాడు అలా అబద్ధాలు వండుతూ ఉంటే విని ఊరుకున్నాను చూడండి, అది నాకు మింగుడు పడడం లేదు.

కాబట్టి చెబుతున్నాను. రిసెప్షన్ ఎక్కడైనా చేసుకోండి. మా వాళ్ళని మీ ఇంటి మనిషి చెయ్యి పట్టి లేపాలి. లేకపోతే మేము రాము.

ఇట్లు,
మీ బావ
ఎర్రన్న (సంతకం నాదే, వేలిముద్ర కాదు)

తా.క.: మా బస్సుని వెనక గేటు నుంచి రమ్మన్న సంగతి ఇందులో రాయలేదు. ఒక్క ఉత్తరంలో ఎంతని తిడతాను.


కళింగపట్నం,
22-12-2025, సోమవారం.

బావగారు నరసింగరావుగారికి ఎర్రన్న దండాలు. చెల్లెమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందని భారతి చెప్పింది, సంతోషం. మీ ఉత్తరం అందింది. టైపు కొట్టించి పంపారు, చదవడం సులువైంది. మింగడం సులువు కాలేదు.

పొరపాటు జరిగిందని రాశారు. బాగుంది. పొరపాటు ఎవరిదో రాయలేదు. 'భోజనాలయ్యాయా అని నేను మిమ్మల్ని అడిగాను కదా, అవుతాయని మీరే అన్నారు కదా' అని మాత్రం రాశారు. బావగారూ, తిన్నారా అని అడగడం వేరు, తిందురు గాని లెగండి అని పిలవడం వేరు. మొదటిది దారిన పోయే వాడిని కూడా అడుగుతాం.

ఈసారి చేతి తొడుగుల కుర్రాళ్ళని పెట్టి మా వాళ్ళని పిలిపిస్తామని హోటలు మేనేజరు మాటిచ్చాడని రాశారు. జీతానికి పిలిచే పిలుపు పిలుపేనా? పొద్దున్న ఇంకో పెళ్ళిలో ఇంకొకరిని పిలిచిన నోటితో వాడు నన్ను పిలుస్తాడు. వాడికి నేనెవరు? రేపు మీ ఇంటికి నేనొస్తే గుమ్మంలో ఎదురు రావడానికి కూడా మనిషిని కుదుర్చుకుంటారా?

దాని తరవాత ఇంకో మాట రాశారు. అది చదివి కాగితం ఇసకలోకి విసిరేశాను. తవిటమ్మ ఏరి తెచ్చింది. 'మీ ఊరి వాళ్ళకి మీ ఊళ్ళోనే ముందు రోజు షామియానా వేయించి, వంటవాళ్ళని పంపి, బంతి భోజనం పెట్టించేస్తాం. హోటల్‌కి మీకు బాగా దగ్గర వాళ్ళని నలుగుర్ని ఎంచుకుని తీసుకురండి, కారు పంపుతాను' అన్నారు. మంచి మనసుతోనే రాశారేమో. కానీ చదివితే ఎలా ఉందంటే, మా వాళ్ళు కంటికి కనబడకుండా మా ఇసకలోనే తిని మా ఇసకలోనే ఉండాలని ఉంది.

దగ్గర వాళ్ళని ఎంచుకోమన్నారు. ఎవరిని ఎంచుకోను? భారతిని చంకనేసుకుని చేపల తట్టతో ఊళ్ళు తిప్పింది మా అక్క మరిడమ్మ. దానికి ఈత నేర్పింది కూర్మయ్య. అది వద్దన్నా వినకుండా ఏట్లో పడేసి, మునిగితే తీసి, మళ్ళీ పడేసి నేర్పాడు. వంశధార పొంగి రోడ్డు మునిగినప్పుడు దాన్ని పరీక్షకి బోటు మీద దాటించింది ఈ ఊరి కుర్రాళ్ళు. ఆ రోజు ఎవరూ వేటకెళ్ళలేదు. రేపు ఆ పిల్ల అంత పెద్ద స్టేజీ మీద, అంత మంది మీ వాళ్ళ ముందు నిలబడి, కళ్ళతో మనవాళ్ళెక్కడని వెతుక్కుంటే ఎవరు కనబడాలి బావగారూ? మేము నలుగురమేనా? దాని వెనక ఊరు లేదని మీ వాళ్ళు అనుకోవాలా?

ఇక రిసెప్షన్‌కి అలంకారాలు చేసే పిల్లని మీరు పంపారు కదా, యమున అని. కారు దిగి నేరుగా రేవులోకి వచ్చింది. నా పాత నావ చుట్టూ తిరిగి ఫోటోలు తీసింది. ఇప్పుడు మా పెద్దవాడు ఫైబర్ బోటు నడుపుతున్నాడు, ఆ నావ పని మానేసి నాలాగే ఒడ్డున కూర్చుంది. ఆ పిల్ల నాతో, 'సార్, రిసెప్షన్‌కి సముద్రం థీమ్ అనుకున్నామండి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఈ పడవలో నిలబడి పొగలోంచి వస్తారు. కింద చక్రాలుంటాయి, మా వాళ్ళు తోస్తారు. రంగు మాత్రం వేయించకండి, ఇలా వెలిసిపోయి ఉంటేనే ఫోటోల్లో బాగుంటుంది' అంది.

సరే అని ఓపిక పట్టాను. చెప్పులు విప్పి ఎక్కుతారా అని అడిగాను. బూట్లు డ్రెస్సుకి మ్యాచింగండి అంది. నావలో చెప్పుల కాలు పెట్టినవాణ్ణి నేను నా చేత్తో సముద్రంలోకి తోశాను ఒకప్పుడు. అది కూడా ఓపిక పట్టాను. తరవాత, 'ఇంకో పాత పడవ ఉంటే ఇప్పించండి సార్. సగానికి కోసి నిలబెట్టి, అరలు కొట్టి ఐస్‌క్రీములు పెడతాం' అంది.

నేను నోరు తెరిచే లోపల కూర్మయ్య అందుకున్నాడు. 'ఓలమ్మా, మీ తాత పడుకున్న మంచం కోసి నువ్వు టీ బల్ల సేసుకుంటావేటి?' అన్నాడు. అప్పుడు నేనూ అరిచాను. ఏం అరిచానో ఇక్కడ రాయను. ఆ పిల్ల బెదిరిపోయి ఇసకలో అలాగే నిలబడింది. ఈలోగా తవిటమ్మ ఇంట్లోంచి వచ్చి, దాని చెయ్యి పట్టుకుని, 'ఆయన అలగే అరుస్తాడు గాని, లెగు గుంటా, పొద్దుటేల బయలుదేరుంటావు, రెండు మెతుకులు తిందువు గాని' అని లోపలికి లాక్కుపోయింది. నేను బయట తిడుతూనే ఉన్నాను, అది లోపల మా పీట మీద కూర్చుని కొర్రమీను పులుసు మారు వడ్డించుకుంది.

తిన్నాక, నిశ్చితార్థం నాడు ఏం జరిగిందో తవిటమ్మ దానికి చెప్పింది. ఆ పిల్ల చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి వింది. 'ఎన్నో పెళ్ళిళ్ళు చేయించాను ఆంటీ, తినడానికి రమ్మని నన్నెవరూ లేపలేదు. ఎవరు లేపుతారని పెళ్ళివారిని అడగాలని కూడా నాకు తెలీదు' అంది. కారెక్కేటప్పుడు నాకు దండం పెట్టింది. దాని మీద కోపం కొంచెం తగ్గింది. మీ మీద తగ్గలేదు.

నావ ఇవ్వను. కోయడానికి పడవ ఇప్పించను. నలుగుర్ని ఎంచను. నా మాట మొదటి ఉత్తరంలో రాసిందే.

ఇట్లు,
మీ బావ
ఎర్రన్న


కళింగపట్నం,
5-1-2026, సోమవారం.

బావగారికి ఎర్రన్న దండం. ఈసారి ఒక్కటే దండం. బాగున్నారా అని కూడా అడుగుతున్నాను, మొన్న ఫోనులో మీ గొంతు వింటే బీపీ పెరిగినట్టే ఉంది.

మీరన్న మాటలు మళ్ళీ రాస్తున్నాను, అనలేదని రేపు మీరు అనకుండా. 'హాలు నిండా కలెక్టరాఫీసు వాళ్ళుంటారు, మిల్లుల వాళ్ళుంటారు. ఆళ్ళని వొగ్గేసి మీ ఊరందర్నీ సెయ్యి పట్టి లేపాలంటే నాకెన్ని సేతులుండాలి? నాను పెళ్ళికొడుకు తండ్రినా, బస్సు కండక్టర్నా?' అన్నారు. 'రెండు సేతులు సాలు బావా, ఆటికి నామోషీ లేకపోతే' అని నేనన్నాను. 'మీకు పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పే' అన్నారు. 'పెట్టిందెప్పుడు?' అన్నాను. మీరు ఫోను పెట్టేశారు. నేను పెట్టేసేవాణ్ణే. మీరు ముందు పెట్టేశారు. అదీ నాకు కోపమే.

ఆ తరవాత భారతి ఫోను చేసింది. 'నాన్నా, ఆ రోజు నువ్వు స్టేజీ దిగొచ్చి మనోళ్ళని లేపుంటే ఈ గొడవే లేదు గదా' అంది. 'ఒసే, సుట్టంగా ఎల్లినోడు ఇంకో సుట్టాన్ని లేపుతాడేటి? అన్నం ఎవరిదో పిలుపు ఆళ్ళదే' అన్నాను. 'ఏడాది నుంచి ఆళ్ళనీ నిన్నూ ఒక దగ్గర కూకోబెట్టడానికి నాను సచ్చిపోతన్నాను. ఇప్పుడు ఒక్క మాట కోసం మొత్తం పాడు సేస్తావేటి?' అని ఏడ్చింది. మా పిల్ల మూడు పరీక్షలు పోయినప్పుడు కూడా ఏడవలేదు బావగారూ. కూర్మయ్య ఏట్లో పడేసినప్పుడు కూడా తిట్టింది గాని ఏడవలేదు. ఏడ్చి, 'నువ్వు రాకపోతే నాను ఆ స్టేజీ ఎక్కను. నరేష్‌కి సెప్పేశాను. ఆయన కూడా ఎక్కనన్నాడు' అంది.

అంటే మనిద్దరి పంతం మధ్య ఆ పిల్లలిద్దరూ నలుగుతున్నారు. అది నాకు తెలుసు. తెలిసినా నేను దిగను. ఎందుకంటే ఇది నా ఒక్కడి కడుపు సంగతి అయితే ఆ రోజే మరిచిపోదును. మా అక్క కడుపు, కూర్మయ్య కడుపు. వాళ్ళు నోరెత్తి అడగరు. అడగని వాళ్ళ తరఫున నేను దిగిపోతే వాళ్ళ మొహం ఎలా చూడను?

నా నిర్ణయం రాస్తున్నాను. పెళ్ళి మా ఇంటి ముందు, మా ఇసకలో, అనుకున్న ముహూర్తానికి జరుగుతుంది. మీ వాళ్ళు ఎంత మంది వచ్చినా రండి. కలెక్టరాఫీసు వాళ్ళని కూడా తీసుకురండి. ఒక్కొక్కరినీ కుర్చీ దగ్గరికొచ్చి లేపుతాం, లేపే చేతులు మా దగ్గర చాలా ఉన్నాయి. మర్నాడు పిల్లని మీ కారెక్కిస్తాను. కానీ ఆ హోటలు గేటు లోపలికి నేను రాను. ముందు గేటయినా, వెనక గేటయినా. నేను రాకపోతే తవిటమ్మ రాదు. మేమిద్దరం రాకపోతే ఊరు రాదు. ఆ అద్దం వెనకున్న మూగ సముద్రాన్ని మీరే చూసుకోండి.

ఇక రాయడానికేమీ లేదు.

ఇట్లు,
ఎర్రన్న

తా.క.: పైదంతా పొద్దున్న రాసింది. మడత పెట్టి కవరులో పెట్టి, అంటించడానికి నాలుగు మెతుకులు తెమ్మని తవిటమ్మకి కేకేశాను. మెతుకులు రాలేదు. వీధిలో ఆడవాళ్ళ గోల వినబడింది. వెళ్ళి చూశాను.

మా అక్క మరిడమ్మ గుమ్మంలో మీ భార్య పద్మకుమారి నిలబడి ఉంది.

శ్రీకాకుళంలో ఆర్టీసీ బస్సు ఎక్కి వచ్చిందట. ఒక్కర్తే. ఇసకలో నడవలేక చెప్పులు ఒక చేత్తో పట్టుకుంది, రెండో చేతిలో కుంకుమ భరిణె. మోకాళ్ళ నొప్పితో వంగి మా అక్కకి బొట్టు పెట్టి, 'వదినా, రిసెప్షన్‌కి మీరు రావాలి. ఆ హాల్లో మిమ్మల్ని లేపేది నాను. నాను సెయ్యి పట్టకుండా మీరెవరూ లెగొద్దు. మీరు లెగకుండా నాను తినను' అంది. అది చెప్పి పక్క గుమ్మానికి వెళ్ళింది. అక్కడా అదే మాట. దాని పక్క గుమ్మానికి వెళ్ళింది. కూర్మయ్య గుమ్మం దగ్గర మాత్రం వాడు, 'ఆ కోడి బొప్పాయి కూర ఈసారన్నా పెడతారేటమ్మా' అని అడిగాడు. పాపం చెల్లెమ్మకి అదేమిటో తెలియదు. పెడతానంది.

మా ఇంటికి ఆఖర్న వచ్చింది. ఆ యమున పిల్ల విజయనగరం వెళ్ళి మా పిలుపు సంగతి ఆమెకి చెప్పిందట. అది విన్న దగ్గర్నుంచి కాలు నిలవలేదట. నేను మంచం వేసి, కూర్చోమని, మొహం తిప్పుకున్నాను. అప్పుడు చెప్పింది బావగారూ. మీకు చెప్పలేదట, నాకు చెప్పింది.

'అన్నయ్యా, ఆ రోజు నానూ తినలేదు' అంది.

వాళ్ళ పుట్టింట ఒక పద్ధతి ఉందట. పెళ్ళి కాకముందు ఆడపిల్ల తరఫు పెద్దలు మగపెళ్ళివారి అన్నం ముట్టరట. మా వాళ్ళు అంత సేపూ కదలకుండా కూర్చుంటే మాదీ అదే పద్ధతి అనుకుందట. తినమని అడిగితే మమ్మల్ని ఇరకాటంలో పెట్టినట్టవుతుందని అడగలేదట. 'ఆడపిల్లోళ్ళు అంత నిష్టగా కూకుంటే, మగపిల్లోడి తల్లిని, నానెలగ తింటాను' అని తనూ తెర వెనక్కి వెళ్ళకుండా కూర్చుందట. మంచినీళ్ళు తాగి ఇంటికి పోయిందట. మేము ఆమె పిలుస్తుందని కూర్చున్నాం. ఆమె మేము ఉపవాసమని కూర్చుంది. అన్నమేమో తెర వెనక చల్లారిపోయింది.

ఇది మీకు తెలియదు. మీ ఇంట్లోనే ఒక మనిషి తినకుండా పడుకుంటే మీకు తెలియలేదు. కాబట్టి నా కోపం మీ మీద పోలేదని గమనించండి.

ఇంకొకటి. ఆమె కోటబొమ్మాళిలో పుట్టింటికి వెళ్తున్నానని మీతో చెప్పి వచ్చిందట. 'ఆయనకి రాయకండి అన్నయ్యా, గొడవవుతాది' అంది. రాసేశాను. దాచే అలవాటు నాకు లేదు. ఆమెని ఒక్క మాటంటే మాత్రం నేను ఊరుకోను, ఇప్పుడు ఆమె ఈ ఊరి ఆడపడుచు.

మేము వస్తాం. ముందు గేటు నుంచి. నావ రాదు, నావ చోట్లో ఆ యమున పిల్లని పువ్వులు పెట్టుకోమనండి. మా వాళ్ళని చెల్లెమ్మ లేపుతుంది. నన్ను మాత్రం మీరే లేపాలి. కలెక్టరాఫీసు వాళ్ళందరి ముందూ. మీరు వచ్చి చెయ్యి పట్టుకునే దాకా నేను ఆ కుర్చీలోనే ఉంటాను. దాని బట్ట విప్పేసినా సరే, కూర్చునే ఉంటాను.

ఇప్పుడు చెల్లెమ్మ మా వసారాలో కూర్చుని ఉంది. పులుసు వాసన నా కాగితం దాకా వస్తోంది. వంటయి చాలా సేపయినట్టుంది. తవిటమ్మ లోపలి నుంచి తొంగి చూసి, 'ఇంకా తినలేదేటి వదినా' అంది. చెల్లెమ్మ నా వైపు చూసి నవ్వి, 'అన్నయ్య లేపలేదు వదినా. మా ఆయన్ని తిట్టుకుంటన్నాడు' అంది. వీధిలో నిలబడిన వాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. మా అక్క అరుస్తోంది: 'ఒరే ఎర్రన్నా, ఇంటికొచ్చిన ఆడకూతుర్ని కూకోబెట్టి కాగితం మీద కారం నూరుతన్నావేట్రా, లెగు బేగి!'

చేతికి సిరా అయింది. కడుక్కుని వెళ్ళి లేపాలి.